పడౌక్ మంచాన్ని ఏం చేద్దాం? పాత సామాను వదల్లేకపోవడం వెనుక ఉన్నదేమిటి?

"అమ్మా, ఆ మంచం సంగతి ఏం ఆలోచించావ్?"

"ఆలోచించడానికేముందిరా, మనతోపాటే వస్తుంది."

"ఎక్కడ వేస్తాం? మాది రెండు గదుల ఫ్లాటు. లిఫ్టులో కూడా పట్టదు."

"అయితే నేనూ ఇక్కడే ఉంటాను."

ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగిన సంభాషణ కాదు, ఊహించి రాసిందే. కానీ చదవగానే తెలిసిన మాటల్లా అనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఊరి ఇల్లు అమ్మేసి పిల్లల దగ్గరికి వెళ్లే ప్రతి పెద్దావిడ విషయంలోనూ ఏదో ఒక రూపంలో ఈ పంచాయితీ వస్తుంది. ఒక ఇంట్లో అది మంచం, మరో ఇంట్లో భోషాణం, ఇంకో ఇంట్లో తాతగారి పడక కుర్చీ. ఈ కథను మనం అండమాన్‌లోని బ్రూక్షాబాద్‌లో పెట్టి చూద్దాం. ఎందుకంటే అక్కడ ఈ ప్రశ్నకు మామూలు ఇళ్లలో లేని చిక్కు ఒకటి ఉంది. అక్కడి పాత మంచాన్ని వదిలేస్తే అలాంటిది మళ్లీ చేయించుకోవడం తేలిక కాదు. పోనీ తీసుకెళదామా అంటే అదీ తేలిక కాదు.

బ్రూక్షాబాద్ దక్షిణ అండమాన్‌లో, శ్రీ విజయపురం శివార్లలో ఉంది. 2024 సెప్టెంబరు దాకా ఆ నగరం పేరు పోర్ట్ బ్లెయిర్. ఈ చుట్టుపక్కల ఆస్టినాబాద్, ప్రోత్రాపూర్ లాంటి ఊళ్లు కనిపిస్తాయి. ఇంగ్లీషు దొరల పేర్లకు 'ఆబాద్', 'పూర్' తగిలించినట్టుండే ఈ పేర్లు 1858లో మొదలైన ఖైదీల వలసను గుర్తు చేస్తాయి. ఆ తర్వాత ఈ ద్వీపాలకు బెంగాలీలు, తమిళులు, మలయాళీలు, రాంచీ నుంచి కూలీలు వచ్చారు. తెలుగువాళ్లూ వచ్చారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపాల్లోని 3.8 లక్షల మందిలో సుమారు 13 శాతం, అంటే దాదాపు 50 వేల మంది, తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. వీరిలో ఎక్కువ మంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఉన్నాయి. చేపల వేటకు వచ్చినవాళ్లు, ఇళ్లు కట్టే పనికి వచ్చినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగం మీద వచ్చి ఉండిపోయినవాళ్లు అందరూ అందులో ఉన్నారు.

విశాఖ నుంచి ఓడ ఎక్కితే దాదాపు 1,200 కిలోమీటర్ల సముద్రం. అంత దూరం వచ్చేవాడు మంచాలు, బీరువాలు మోసుకురాడు. చేతి సంచీ, ఒక ట్రంకు పెట్టె, మహా అయితే ఒక ఇత్తడి బిందె. కాబట్టి అక్కడి తెలుగు ఇంట్లో ఉన్న పెద్ద సామాను చాలావరకు అక్కడికి వచ్చాక, నాలుగు రాళ్లు వెనకేసుకున్నాక చేయించుకున్నదే. ఆ రోజుల్లో మంచి సామాను అంటే పడౌక్.

ఆ చెక్కలో ఏముంది?

పడౌక్ అండమాన్ అడవుల్లో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు. అండమాన్ నికోబార్ దీవుల అధికారిక వృక్షం కూడా అదే. శాస్త్రీయ నామం టెరోకార్పస్ డాల్బెర్జియోయిడిస్. ఆ మొదటి మాటతో మనకు బాగా పరిచయం ఉంది. శేషాచలం కొండల ఎర్రచందనం టెరోకార్పస్ శాంటలైనస్. మన అడవుల్లో కనిపించే వేగిస టెరోకార్పస్ మార్సూపియం. అంటే పడౌక్ మన ఎర్రచందనానికీ వేగిసకూ వరుసకు తోబుట్టువు.

కొత్తగా కోసిన పడౌక్ చెక్క ఎర్రగా, కొన్నిసార్లు కుంకుమ రంగులో ఉంటుంది. వెలుతురు తగిలేకొద్దీ ఏళ్ల తరబడి ఆ ఎరుపు ముదిరి గోధుమ రంగులోకి మారుతుంది. అందుకే పడౌక్ సామాను చూస్తే దాని వయసు ఇంచుమించుగా తెలిసిపోతుంది. బీరువా వెనక నీడలో ఉన్న పలక ఒక రంగు, కిటికీ ఎదురుగా ఉన్న తలుపు ఇంకో రంగు. ఆ ఇంట్లో ఎండ ఎటునుంచి పడేదో చెక్క చెబుతుంది.

ఇది బరువైన చెక్క. ఒకసారి బాగా ఆరితే వంగడం, పగలడం తక్కువ. చెదలు అంత తేలిగ్గా ముట్టవు. ఏడాదికి సుమారు మూడు వేల మిల్లీమీటర్ల వాన కురిసే చోట, ఉప్పుగాలికి ఇనుప బీరువా తుప్పు పట్టే చోట, ప్లైవుడ్ ఉబ్బిపోయే చోట ఇది చిన్న విషయం కాదు. పెద్ద పడౌక్ చెట్ల మొదళ్లలో గోడల్లా విస్తరించే వేళ్లు ఉంటాయి. వాటి నుంచి అతుకు లేని పెద్ద పలకలు తీసి బల్లలు చేసేవారు.

ఈ చెక్క విలువను బ్రిటిష్ వాళ్లు తొందరగానే పసిగట్టారు. 1883లో అండమాన్‌లో అటవీ శాఖ ఏర్పడింది. అదే ఏడాది చాథమ్ దీవిలో రంపపు మిల్లు మొదలైంది. ఖైదీల చేత చెట్లు కొట్టించి దుంగలను అక్కడికి చేర్చేవారు. అక్కడి పడౌక్ సముద్రాలు దాటి, అమెరికాలో పుల్‌మన్ రైలు పెట్టెల లోపలి అలంకరణ దాకా వెళ్లింది. రెండో ప్రపంచ యుద్ధంలో చాథమ్ మీద బాంబులు పడ్డాయి. ఆ గుంతను ఇప్పటికీ సందర్శకులకు చూపిస్తారు. యుద్ధం తర్వాత మిల్లు మళ్లీ నడిచింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా దశాబ్దాల పాటు ద్వీపాల ఆర్థిక వ్యవస్థకు కలప ఒక మూలస్తంభం.

కోర్టు తీర్పు, ఇంటి మంచం

ఆ కథ 2002లో మలుపు తిరిగింది. అడవుల రక్షణపై దేశవ్యాప్తంగా నడిచిన గోదావర్మన్ కేసులో భాగంగా సుప్రీంకోర్టు అండమాన్ పరిస్థితిని పరిశీలించడానికి శేఖర్ సింగ్ కమిషన్‌ను వేసింది. దాని సిఫార్సుల మీద 2002 మే 7న ఇచ్చిన ఉత్తర్వుల్లో కోర్టు అక్కడి నరికివేతకు గట్టి కళ్లెం వేసింది. గిరిజన రక్షిత ప్రాంతాల్లో నరకడానికి వీల్లేదంది. మిగతా చోట్ల కూడా కలప ద్వీపవాసుల సొంత అవసరాలకే తప్ప మెయిన్‌ల్యాండ్‌కు పంపే వ్యాపారానికి కాదంది.

అడవి కోణంలో చూస్తే ఇది అవసరమైన పని. ద్వీపాల మీద మంచినీళ్లు, మట్టి, జారవా లాంటి ఆదిమ జాతుల మనుగడ అన్నీ ఆ అడవి మీదే ఆధారపడి ఉన్నాయి. అయితే ఈ ఉత్తర్వు ప్రభావం ఇళ్లలోని సామాను మీద కూడా పడింది. అప్పటిదాకా పడౌక్ మంచం ఖరీదైన వస్తువు, అంతే. ఆ తర్వాత అది అరుదైన వస్తువు అయింది. ద్వీపాల నుంచి కలప సామాను బయటికి తీసుకెళ్లాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. కొన్నప్పటి రసీదు, సామాను ఎవరిదో చూపే కాగితాలు లేకపోతే కష్టం. 30 ఏళ్ల కిందట వడ్రంగి చేతికి డబ్బులిచ్చి చేయించుకున్న మంచానికి రసీదు ఎవరు దాచుకుంటారు?

మొదట్లో చెప్పిన చిక్కు ఇదే. తెనాలిలోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్న అమ్మ తన టేకు మంచాన్ని లారీలో హైదరాబాద్‌కు పంపగలదు. లేదా అమ్మేసి, అలాంటిదే మళ్లీ కొనుక్కోవచ్చులే అని సర్దిచెప్పుకోగలదు. బ్రూక్షాబాద్ అమ్మకు ఈ రెండు ఓదార్పులూ సగమే. అందుకే 'వస్తువే కదా, వదిలెయ్' అన్న మాట అక్కడ ఇంకాస్త గట్టిగా తగులుతుంది. ఇంతకీ ఆ మాట ఎందుకు తగులుతుంది? ఒక వస్తువును వదలడానికి మనసు ఎందుకు ఒప్పుకోదు?

ఇంట్లో మీకు ఇష్టమైన వస్తువు ఏది?

ఈ ప్రశ్నను నేరుగా అడిగిన పరిశోధన ఒకటుంది. 1970ల్లో అమెరికాలోని చికాగో ప్రాంతంలో మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్, యూజీన్ రోచ్‌బర్గ్-హాల్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 82 కుటుంబాలకు చెందిన 315 మందిని కలిశారు. మీ ఇంట్లో మీకు ప్రత్యేకమైన వస్తువులేవి, ఎందుకు అని అడిగారు. ఆ ఫలితాలు 1981లో పుస్తకంగా వచ్చాయి. జనం అన్నింటికంటే ఎక్కువగా చెప్పింది నగలో, టీవీయో కాదు, కుర్చీలూ బల్లలూ మంచాల వంటి ఫర్నిచర్.

వాళ్లు చెప్పిన కారణాల్లో వస్తువు ఖరీదు, అందం వెనక్కి పోయాయి. ఎక్కువగా వినిపించినవి మనుషుల గురించిన మాటలు. ఇది మా అమ్మ కూర్చున్న కుర్చీ, పిల్లలకు పాలిచ్చింది దీంట్లోనే, పెళ్లైన కొత్తలో ఇద్దరం కలిసి కొన్నాం. తరాల మధ్య తేడా కూడా కనిపించింది. పిల్లలు తాము వాడి ఆడుకోగలిగిన వస్తువులను చెప్పారు. వయసు పెరిగేకొద్దీ జ్ఞాపకాలు మోసే వస్తువుల వైపు మొగ్గారు. కాబట్టి ఫోన్‌లో తల్లీకొడుకుల గొడవలో ఒకరిది తప్పు, ఒకరిది ఒప్పు కాదు. ఇద్దరూ జీవితంలో వేర్వేరు మెట్ల మీద నిలబడి ఒకే మంచాన్ని చూస్తున్నారు.

నాది అనుకోగానే విలువ పెరుగుతుంది

రెండో కారణం సొంతం అనే భావన. ఆర్థికవేత్త రిచర్డ్ థేలర్ 1980లో దీనికి 'ఎండోమెంట్ ఎఫెక్ట్' అని పేరు పెట్టారు. డేనియల్ కానెమన్, జాక్ నెట్చ్‌లతో కలిసి ఆయన చేసి 1990లో ప్రచురించిన ప్రయోగంలో కొందరు విద్యార్థులకు మామూలు కాఫీ కప్పులు ఇచ్చారు. వాటిని ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు దొరకని వాళ్లను ఎంతకు కొంటారని అడిగారు. అమ్మేవాళ్లు అడిగిన ధర, కొనేవాళ్లు ఇస్తామన్న ధరకు దాదాపు రెట్టింపు. కప్పు చేతికి వచ్చి కొన్ని నిమిషాలే అయింది. అందులో జ్ఞాపకాలేమీ లేవు. అయినా నాది అనుకోగానే దాన్ని వదులుకోవడం నష్టంలా తోచింది.

కొన్ని నిమిషాల కప్పుకే అంత పట్టు ఉంటే, 30 ఏళ్లు పడుకున్న మంచం మాటేమిటి? పాత సామాను కొనేవాడు చెప్పే ధర వినగానే పెద్దవాళ్లకు కోపం రావడానికి ఇదొక కారణం. అతను చెక్కకు వెల కడతాడు. వీళ్లు తమ జీవితానికి వెల కట్టాడని వింటారు.

అచ్చం అలాంటిదే ఇస్తే?

మూడో కారణం ఇంకా లోతైనది. బ్రూస్ హుడ్, పాల్ బ్లూమ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2008లో ప్రచురించిన ప్రయోగంలో చిన్నపిల్లలకు ఒక 'నకలు యంత్రం' చూపించారు. రెండు పెట్టెలు, కొన్ని దీపాలతో చేసిన గారడీ అది. ఒక పెట్టెలో బొమ్మ పెడితే రెండో పెట్టెలో అచ్చం అలాంటిదే వచ్చినట్టు కనిపిస్తుంది. మామూలు బొమ్మలైతే పిల్లలు నకలు తీసుకోవడానికి పెద్దగా వెనకాడలేదు. కానీ రోజూ పక్కలో పెట్టుకుని పడుకునే తమ దుప్పటి, తమ ఎలుగుబంటి బొమ్మ దగ్గరికి వచ్చేసరికి తమదే కావాలన్నారు. కొందరైతే యంత్రంలో పెట్టడానికే ఒప్పుకోలేదు.

నకలుకు లేనిదీ అసలుకు ఉన్నదీ ఒక్కటే, గతం. కంటికి కనిపించకపోయినా, అది ఇక్కడ ఉంది, వాళ్లు దీన్ని తాకారు అన్న నమ్మకం వస్తువుకు అంటుకుని ఉంటుంది. మన ఇళ్లలో దీనికి మంచి ఉదాహరణ నవారు మంచం. నవారు నాలుగుసార్లు మార్చి ఉంటారు. ఒక కోడు విరిగితే వేయించి ఉంటారు. అయినా అది 'నాన్న మంచమే'. భాగాలు మారాయి, మంచం గతం మాత్రం తెగకుండా సాగింది. అదే కొలతలతో, అదే చెక్కతో కొత్త మంచం చేయించి తెచ్చినా అమ్మ మనసు ఒప్పుకోకపోవడం మొండితనం కాదు. ఆ పిల్లల లెక్కే ఆమెదీ.

రస్సెల్ బెల్క్ అనే పరిశోధకుడు 1988లో రాసిన వ్యాసంలో ఇదే విషయాన్ని మరో వైపు నుంచి చెప్పారు. మన వస్తువులు మన అస్తిత్వంలో భాగమవుతాయనీ, దొంగతనాల్లోనో విపత్తుల్లోనో వాటిని పోగొట్టుకున్నవాళ్లు ఆప్తులు పోయినట్టు దుఃఖించడం అందుకేననీ ఆయన వాదన. 2004 డిసెంబరు 26 సునామీని చూసిన ద్వీపాల్లో ఈ మాటను వివరించి చెప్పాల్సిన పని లేదు. అక్కడ చాలా కుటుంబాలకు ఏది ఉంచుకోవాలి, ఏది వదలాలి అని ఎంచుకునే అవకాశమే దక్కలేదు. ఆ తర్వాత పరిహారం రావచ్చు, కొత్త ఇల్లు రావచ్చు. పోయిన మంచం మాత్రం రాదు. సమయం తీసుకుని, మన చేతులతో మనం ఒక వస్తువును సాగనంపగలగడం కూడా ఒక భాగ్యమేనని అలాంటి చోట తెలుస్తుంది.

సారె మంచం, పేరు చెక్కిన బిందె

మన సమాజంలో ఈ అనుబంధానికి మరికొన్ని పొరలున్నాయి. చాలా తెలుగు కుటుంబాల్లో పెళ్లికూతురితో పాటు సారెగా మంచం, పరుపు, బీరువా వెళ్లేవి. ఇల్లు భర్త పేరు మీద, పొలం మామగారి పేరు మీద ఉన్న కాలంలో, 'ఇది మా పుట్టింటివాళ్లు పెట్టింది' అని ఒక స్త్రీ ధైర్యంగా చెప్పుకోగలిగినవి ఆ నాలుగు వస్తువులే. కొడుక్కి అది పాత మంచం. ఆమెకు అది ఆ ఇంట్లో తనకంటూ ఉన్న చోటు.

మనవాళ్లు బిందెల మీద, చెంబుల మీద, స్టీలు పళ్లేల మీద పేర్లు చెక్కిస్తారు. ఫలానా పెళ్లికి ఫలానావారు ఇచ్చిన కానుక అని, తేదీతో సహా. అవసరానికి గిన్నె ఇచ్చిపుచ్చుకున్నప్పుడు తారుమారు కాకూడదన్నది ఒక కారణం. కానీ ఆ అక్షరాలు ఇంకో పని కూడా చేస్తాయి. గిన్నె ఎవరిదో, ఎప్పటిదో, ఎందుకు వచ్చిందో అడగకుండానే చెబుతాయి. మంచాల మీద, కుర్చీల మీద అలా చెక్కించే అలవాటు మనకు పెద్దగా లేదు. వాటి కథ మనుషుల నోళ్లలోనే ఉంటుంది. ఈ తేడా ముఖ్యం. దీని దగ్గరికే మళ్లీ వద్దాం.

ఆస్తి పంపకాల్లో ఎకరాలు పంచుకున్నప్పుడు లేని గొడవ అమ్మ వాడిన రోలు దగ్గర, నాన్న గోడ గడియారం దగ్గర రావడం చూస్తూనే ఉంటాం. బయటివాళ్లకు అది అల్పత్వంలా కనిపిస్తుంది. పొలాన్ని గట్టు వేసి రెండు చేయొచ్చు. గడియారాన్ని రెండు చేయలేం. అక్కడ పంచుకోలేనిది లోహం కాదు, నాన్నకు ఎవరు దగ్గర అన్న ప్రశ్న.

వలస వెళ్లినవాళ్లకు ఇంకో పొర ఉంటుంది. ఖాళీ చేతులతో ఓడ దిగినవాడికి సొంత డబ్బుతో చేయించిన మొదటి మంచం ఒక సర్టిఫికెట్ లాంటిది. ఇక్కడ నిలదొక్కుకున్నాం, రేపు వెళ్లిపోయేవాళ్లం కాదు అని అది చెబుతుంది. దాన్ని వదిలి వెళ్లడమంటే ఆ మాటను వెనక్కి తీసుకోవడంలా ఉంటుంది.

పిల్లలకు ప్రేమ లేకనా?

రెండో పక్షాన్ని కూడా వినాలి. నగరంలోని ఫ్లాటులో ప్రతి చదరపు అడుగుకూ అద్దె ఉంది. ఉద్యోగం మారితే ఊరు మారుతుంది. మూడేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లకు విప్పి బిగించుకునే తేలికపాటి మంచమే నయం. పడౌక్ లాంటి బరువు సామాను పుట్టి, పెరిగి, పోయేదాకా ఒకే ఇంట్లో ఉండే జీవితానికి సరిపోయింది. ఆ జీవితమే మారిపోయింది.

పిల్లలు నోరు తెరిచి చెప్పలేని మాట ఇంకొకటి ఉంది. వారసత్వంగా వచ్చిన వస్తువు కానుకే కాదు, బాధ్యత కూడా. దాన్ని ఉంచుకోవాలి, తుడవాలి, అమ్మితే తప్పు చేసినట్టు బాధపడాలి. 'నీకోసమే దాచాను' అన్న మాట వింటున్నవాళ్లకు కొన్నిసార్లు బరువుగా తగులుతుంది. అలాగని వాళ్లకు ప్రేమ లేదనుకోవడం తొందరపాటు. అమ్మను తమ దగ్గరికి రమ్మని పిలుస్తున్నది వాళ్లే.

అనుబంధం ఎప్పుడూ మంచిదేననీ చెప్పలేం. ఏ వస్తువూ పారేయలేక, గదులు నడవడానికి వీల్లేనంతగా నిండిపోయి, పొయ్యి దగ్గరికి వెళ్లడమూ మంచం మీద పడుకోవడమూ కష్టమయ్యే స్థితిని 2013 నుంచి అమెరికన్ మానసిక వైద్యుల వర్గీకరణ గ్రంథం ప్రత్యేక రుగ్మతగా గుర్తించింది. దాన్ని హోర్డింగ్ డిజార్డర్ అంటారు. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. జ్ఞాపకంగా దాచుకున్నవాళ్లు ఒక వస్తువు చూపించి దాని కథ చెప్పగలరు. రుగ్మతలో వస్తువులు గుట్టలవుతాయి, ఇల్లు ఇల్లుగా పనికిరాకుండా పోతుంది. అలాంటప్పుడు మందలింపు కాదు, వైద్య సహాయం కావాలి.

వదలడం ఎలా?

వదలడం అనివార్యమైనప్పుడు దాన్ని కాస్త తేలిక చేసే దారులున్నాయి.

మొదటిది ఫోటో. 2017లో అమెరికాలోని ఒక విశ్వవిద్యాలయ హాస్టళ్లలో, సెమిస్టర్ చివర వస్తువులు దానం చేయమని విద్యార్థులను కోరిన పరిశోధన ఒకటి వెలువడింది. కొన్ని హాస్టళ్లలో మామూలుగా దానం చేయమన్నారు. మరికొన్నింటిలో, ఇష్టమైన వస్తువుకు ముందు ఫోటో తీసుకుని ఆపై ఇవ్వమన్నారు. మొదటి చోట 533 వస్తువులు వచ్చాయి, రెండో చోట 613. వస్తువు పోతే జ్ఞాపకం పోతుందన్న భయమే చాలాసార్లు మన చేతిని ఆపుతుందనీ, ఆ భయం తగ్గితే ఇవ్వడం తేలికవుతుందనీ పరిశోధకులు తేల్చారు.

కానీ ఫోటో ఒక్కటే చాలదు. మంచానికి పేరు చెక్కి లేదు కదా. పదేళ్ల తర్వాత ఆ ఫోటో చూసిన మనవడికి అది ఏదో పాత మంచం, అంతే. కాబట్టి రెండో దారి కథ. ఎవరు చేశారు, ఎంతైంది, ఎన్ని నెలలు డబ్బు కూడబెట్టారు, మొదటి రాత్రి దాని మీద ఎవరు పడుకున్నారు, కాలు ఎలా విరిగింది. ఫోన్‌లో పది నిమిషాలు అమ్మ గొంతుతో రికార్డు చేస్తే చాలు. వినడానికి కూర్చోవడమే సగం ఓదార్పు. పెద్దవాళ్లు చాలాసార్లు మంచాన్ని మోయమని అడగరు, దాని కథను మోయమని అడుగుతారు. మనకు రెండూ ఒకటిగా వినిపిస్తాయి.

మూడోది, ఇచ్చే చోటు చూసి ఇవ్వడం. వదలడానికి మన సంప్రదాయం కూడా ఒక పద్ధతి పెట్టింది. పోయినవారి పేరిట మంచం, పరుపు, దుప్పటి ఇచ్చే శయ్యాదానం దానికి ఉదాహరణ. నమ్మకం సంగతి ఎవరిష్టం వారిది. కానీ అందులోని ఇంగితం గమనించదగ్గది. దుఃఖంలో ఉన్న ఇల్లు ఆ ఖాళీ మంచాన్ని రోజూ చూస్తూ కూర్చోకుండా, మర్యాదగా, పేరు చెప్పి మరొకరి చేతిలో పెట్టే ఏర్పాటు అది. దీన్ని బతికుండగానే చేయడం ఇంకా మంచిది. స్వీడన్ రచయిత్రి మార్గరెటా మాగ్నుసన్ 2017లో తన పుస్తకంతో ప్రపంచానికి పరిచయం చేసిన పద్ధతి కూడా ఇదే. మన తర్వాత పిల్లలు మన సామాను ముందు నిలబడి బాధపడకుండా, మనమే మెల్లగా, నచ్చినవాళ్లకు నచ్చినవి ఇచ్చుకుంటూ రావడం.

బ్రూక్షాబాద్ లాంటి చోట దీనికి అదనపు అర్థం ఉంది. పడౌక్ సామాను ద్వీపంలోనే ఉండిపోతే దానికి అనుమతుల ఇబ్బంది లేదు. కొత్తగా కాపురం పెట్టిన పక్కింటి జంటకు, బంధువుల అమ్మాయికి ఇస్తే అది ఇంకో 50 ఏళ్లు మంచంగానే పనిచేస్తుంది. అలా వాడుకలో ఉన్న ప్రతి పాత మంచమూ కొత్త కలప అవసరాన్ని కాస్త తగ్గిస్తుంది. పెరగడానికి తరాలు పట్టిన చెట్టు ఒకటి దానికోసం ఇప్పటికే పోయింది. దాన్ని ఎక్కువ కాలం వాడుకోవడమే ఆ చెట్టుకు మనం చేయగల న్యాయం.

నాలుగోది, మొత్తం కాకపోతే కొంత. తీసుకెళ్లగలిగిన చిన్న వస్తువు ఒకటి ఎంచుకోవడం. పీట, అద్దం చట్రం, దేవుడి మందసం లాంటివి. పెద్ద సామానే తీసుకెళ్లాలనుకుంటే ఓడ టికెట్టు తీసుకున్నాక కాదు, ముందే అటవీ శాఖ కార్యాలయంలో నిబంధనలు కనుక్కోవాలి. పాత రసీదులు, బదిలీ కాగితాలు వెతికి పెట్టుకోవాలి.

చివరిది, అన్నింటికంటే తేలికైనది, మనం చేయనిది. 'ఈ పాత చెత్త ఎందుకమ్మా' అనకుండా ఉండటం. చెత్త అన్న ఒక్క మాటతో వాదన వస్తువు మీద నుంచి మనిషి మీదకు మారిపోతుంది. తన వస్తువుల్లాగే తానూ పాతబడిందని, కొత్త ఇంట్లో తనకూ చోటు వెతకాల్సి వస్తుందని ఆమె అప్పటికే లోపల భయపడుతూ ఉంటుంది. 'అయితే నేనూ ఇక్కడే ఉంటాను' అన్న జవాబు పుట్టేది అక్కడి నుంచే. అది మంచం గురించిన మాట కాదు.

అందుకే ఆ ఫోన్ సంభాషణను మరోలా మొదలుపెట్టవచ్చు. మంచం సంగతి ఏం ఆలోచించావ్ అని అడిగే ముందు, "అమ్మా, ఆ మంచం నాన్న ఎప్పుడు చేయించాడే?" అని అడగవచ్చు. జవాబు కాస్త పొడుగ్గా ఉంటుంది. వినాలి. విన్నాక మంచం ఓడ ఎక్కుతుందా, పక్కింటికి వెళ్తుందా అన్నది ఇద్దరూ కలిసి తీసుకునే నిర్ణయం అవుతుంది. మంచం ఎక్కడున్నా అమ్మ మాత్రం ఓడ ఎక్కడానికి ఒప్పుకోవచ్చు.